మొదలైన ప్రాణులు

బారెడు పొద్దెక్కేసరికి అంకాళి తన ఎలుగుబంటిని తాడు పట్టి నడిపిస్తూ కాకోలగిరి కోట వాకిటికి చేరింది. ఎలుగుబంటి మూతి నేలకు రాస్తూ, అడుగుకొకసారి తల ఊపుతూ వస్తోంది. చూసేవాళ్ళకు అదొక ముసలి ఎలుగు. ఆ కంపు కొట్టే తోలు లోపల చెమటలు కక్కుతున్నవాడు సువర్ణమేఖల రాజ్యపు యువరాజు హేమకేతుడు. అతని కత్తి వీపుకు బిగించి కట్టి ఉంది.

కాకోలగిరి పేరుకు కోట గాని, దూరం నుంచి చూస్తే కొండ మీద దిగిన తుఫాను మబ్బులా ఉంటుంది. గోడలు కాటుకలాంటి నల్లరాతివి. వాటి మీద పాకిన తీగలకు ఆకులుండవు. ఊదారంగు పూలు మాత్రం గుత్తులు గుత్తులుగా వేలాడుతూ, గాలి లేకపోయినా కదులుతుంటాయి. బురుజుల మీద ఇత్తడి గద్దలు రెక్కలు విప్పి కూర్చుని ఉంటాయి. కింద నీడ కదిలితే చాలు, మెడ తిప్పి చూస్తాయి. ఇక వాకిలి అంటే మొసలి నోరే. పైదవడ తోరణం, కింది దవడ గడప. ఆ కోరల మధ్య నుంచే రాకపోకలు.

పందికోరలున్న కాపలావాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎవరే నువ్వు?"

"ఎలుగ్గొడ్డును ఆడించుకుని బతికేదాన్నయ్యా. మీ సామికి ఒక ఆట చూపించి, ఇంత గంజి తాగి పోదామని వచ్చా."

"పోవడమెక్కడికి? ఏరు దాటి ఈ గట్టున అడుగు పెట్టావు. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు మొదలైన సమస్త ప్రాణులూ మా స్వామి సొత్తు. శాసనం అట్లా ఉంది. ఎలుగ్గొడ్డుకి ప్రాణం ఉంది. నీకూ ఉంది."

"నన్నూ దాన్నీ ఒకే గాటన కడతావా అయ్యా?"

"నేను కట్టేదేముంది, శాసనమే కట్టింది. నడు."

వాళ్ళకు కావలసిందీ అదే.

హేమకేతుడు ఇంకా పసివాడుగా ఉన్నప్పుడు సువర్ణమేఖలలో ఘోరమైన కరువు వచ్చింది. అతని తండ్రి మకుటవర్ధన మహారాజు ఏమీ పాలుపోక ఉన్న సమయంలో ధూమజటుడనే మాంత్రికుడు వచ్చి, వానలు కురిపిస్తానన్నాడు. అందుకు ప్రతిఫలంగా శ్యామవేణి నది దాటి అవతలి గట్టున అడుగు పెట్టిన ప్రాణులు తనవి కావాలన్నాడు. ఒప్పందాన్ని మాంత్రికుడి కోట కాకోలగిరి ముంగిట్లో రాతి స్తంభం మీద చెక్కించి, ఆ స్తంభంలో ప్రమాణభూతాన్ని సాక్షిగా నిలిపారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాంత్రికుడు ఏరు దాటిన గొడ్లనే పట్టుకున్నాడు. ఈ వేసవిలో మాత్రం వెదురు నరకడానికి అవతలి గట్టుకు వెళ్ళిన మనుషులను పట్టుకుపోయాడు. వాళ్ళలో ఒకడు ఓబన్న. శ్యామవేణి రేవులో పుట్టి అనే గుండ్రటి పడవ నడిపే అంకాళికి పెనిమిటి.

రాజు పంపిన దూతకు ధూమజటుడు ఒకే మాట చెప్పి తిప్పి పంపాడు: "మనుషులు ప్రాణులు కారా?"

ఆస్థాన పండితులు తాళపత్రాలన్నీ తిరగేసి, ప్రాణం కలది ప్రాణి, అందుకు తిరుగులేదన్నారు. రాజు తల దించుకున్నాడు. హేమకేతుడు దించుకోలేదు. ఆ రాత్రి గడవకుండానే రేవుకు వెళ్ళి అంకాళిని కలుసుకున్నాడు.

స్తంభం మీద అరచెయ్యి ఆన్చి 'ప్రమాణం' అంటే భూతం మేలుకుని తీర్పు చెబుతుంది. అయితే అడిగేవాడు ఆ ఒప్పందం చేసుకున్న ఇద్దరిలో ఒకడై ఉండాలి, లేదా వారి రక్తం పంచుకు పుట్టినవాడై ఉండాలి. వ్యాజ్యం తెచ్చి ఓడితే ఆ స్తంభం పక్కనే రాయై నిలబడిపోవాలి. ఆ సంగతి తెలిసే ధూమజటుడు, పట్టి తెచ్చిన ప్రతి మనిషి నుదుటా మంత్రించిన బూడిద పూయిస్తున్నాడు. బూడిద తగిలితే మాట పోతుంది. పశువులకు పూయడు. వాటికి మొదటే మాట లేదు. ఎలుగు తోలు అందుకు అవసరమైంది.

"నీకు పూస్తారు కదా అంకాళీ," అన్నాడు హేమకేతుడు, పుట్టి నది నడుమ ఉండగా.

"పూయనీ దొరా. నా మాట పోతే నీ మాట ఉంటది. ఆయన్ను తెచ్చుకుంటే చాలు నాకు," అంది ఆమె తెడ్డు ఆపకుండా.

కోట లోపలి ముంగిలికి చేరగానే హేమకేతుడు తోలు కంతల్లోంచి చూశాడు. నట్టనడుమ శాసన స్తంభం. దాని చుట్టూ వరసగా గానుగలు. ఎద్దులుండవలసిన చోట మనుషులు కాడి మోస్తూ తిరుగుతున్నారు. ఆ గానుగల్లో ఆడుతున్నవి నువ్వులు కావు. గంపల కొద్దీ మిణుగురులు. గానుగ అడుగు నుంచి పచ్చటి వెలుగు నూనెలా జారి, రాతి తొట్లలోకి కారుతోంది. ధూమజటుడి మంత్రాలన్నిటికీ ఆ వెలుగే దీపం. కాడి కింద ఒక మనిషి తలెత్తి అంకాళిని చూశాడు. నుదుట బూడిద. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. ఓబన్నను గుర్తుపట్టి అంకాళి ఒక అడుగు అటు వేసింది.

"ఎలుగును కొట్టంలోకి తోలండి. గొలుసు వేసి తలుపు బిగించండి," అన్నాడు కాపలావాడు. "ఈ ఆడదాన్ని ఇటు తీసుకురండి."

ఒకడు తాడు గుంజుకున్నాడు. ఇంకొకడు బూడిద కుండలో వేళ్ళు ముంచి అంకాళి నుదుటి వైపు చెయ్యి చాచాడు. కొట్టం స్తంభానికి ఎదురు దిక్కున ఉంది. ఒకసారి ఆ తలుపు పడితే మళ్ళీ బయటికి రావడం కల్ల.

ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద లేచింది. తాడు పట్టినవాణ్ణి ఒక్క విసురుతో గానుగ తొట్టిలోకి ఎత్తి పడేసి, ముంగిలికి అడ్డంగా పరుగు తీసింది. పరుగు మాత్రం ఎలుగుది కాదు. బురుజుల మీద ఇత్తడి గద్దల మెడలు కిర్రుమన్నాయి. మరుక్షణం అవి ఒకదాని వెనక ఒకటి రాళ్ళు దొర్లినట్టు ఆకాశం నుంచి దిగాయి. మొదటి గద్ద గోళ్ళు తోలును భుజం దగ్గర పట్టుకున్నాయి. రెండోది నడుము దగ్గర. తోలు పర్రున చినిగి గద్దల కాళ్ళకు వేలాడిపోయింది. అందులోంచి జారిపడిన హేమకేతుడు మోకాళ్ళు చెక్కుకుపోతున్నా దొర్లుకుంటూ వెళ్ళి, స్తంభం మీద అరచెయ్యి చరిచాడు.

"ప్రమాణం."

ముంగిట్లో మాంత్రికుడి బలగమంతా స్తంభించింది. గద్దలు గాల్లోనే ఆగిపోయాయి. బూడిద వేళ్ళు అంకాళి నుదుటికి జానెడు దూరంలో నిలిచిపోయాయి. స్తంభం నడుమ నుంచి రాయి పలచబడి, ఒక ముఖం బయటికి వచ్చింది. కనురెప్పల్లేని కళ్ళు. అక్షరాలు చెక్కిన చెంపలు. గొంతు తిరగలి తిరిగినట్టుంది.

"ఎవరు లేపారు?"

"మకుటవర్ధనుడి కొడుకును. హేమకేతుణ్ణి. ఈ శాసనంలో ప్రాణులంటే మనుషులు కారని నా వాదం."

ఆ మాట పూర్తవుతూనే అతని పాదాలు బరువెక్కాయి. చూసుకుంటే చీలమండల దాకా రాయి.

మేడ మెట్ల మీద పొగ కమ్ముకుంది. ఆ పొగలోంచి ధూమజటుడు దిగివచ్చాడు. అతని జడలు నిప్పంటని ధూపంలా ఎప్పుడూ పొగలు చిమ్ముతుంటాయి. ముఖంలో తొందర లేదు.

"ఎలుగుబంటివై వచ్చి, ప్రాణిని కానంటున్నావా రాజకుమారా? నీకు ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది."

"అయితే ప్రాణివే. ఇంకేం వాదం?"

రాయి మోకాళ్ళ దాకా ఎక్కింది. హేమకేతుడికి కాళ్ళలో చలి పుట్టింది. మాట ఆపితే అంతే సంగతులు.

"ప్రాణులు అనే మాట ఒక్కటే చెక్కి ఉంటే నువ్వన్నదే నిజం. కాని అది ఒంటరిగా లేదు. దాని ముందు 'మొదలైన' అని ఉంది. మొదలు ఏమిటి? ఆవు, గేదె, గొర్రె, మేక. మొదలు వేప అయినప్పుడు కొమ్మకు మామిడికాయ కాస్తుందా? ఆ మొదలుకు ఏ కొమ్మలు మొలుస్తాయో అవే ఆ ప్రాణులు. ఎద్దు, దున్న, గాడిద. కొట్టంలో కట్టేవి. మనుషులు కట్టేవాళ్ళు."

రాయి ఆగింది. ధూమజటుడు గడ్డం నిమురుకున్నాడు.

"మరి 'సమస్త' అని ఎందుకుంది? పశువులు మాత్రమే కావాలనుకుంటే పశువులు అని రాయించుకునేవాణ్ణి. రాతి మీద చెక్కిన మాటను పొల్లు చెయ్యడానికి నువ్వెవరు? భూతమా, చెప్పు. ఈ శాసనంలో పనికిరాని మాట ఉందా?"

"లేదు," అంది భూతం.

రాయి నడుము దాకా వచ్చేసింది. కాడి మోస్తున్న మనుషులు ఆగిపోయి గుడ్లప్పగించి చూస్తున్నారు.

"సమస్తం అన్న మాట ఎంతమంది అని చెబుతుంది, ఎవరు అని చెప్పదు," అన్నాడు హేమకేతుడు రొప్పుతూ. "పెళ్ళిలో పెద్దవాడు, అత్తలు, మామలు, బావలు మొదలైన అందరికీ తాంబూలాలివ్వండి అంటాడు. అందరికీ అన్నాడు కదా అని దారిన పోయేవాణ్ణి పిలిచి ఇస్తారా? చుట్టాల్లో ఒక్కణ్ణీ వదలొద్దని ఆ మాటకర్థం. అట్లాగే పశువుల్లో ఏ ఒక్కదాన్నీ వదలక్కర్లేదని నీ సమస్తానికి అర్థం. అది పొల్లు కాలేదు. నీ అర్థమే నిజమైతే ఆవు, గేదె, గొర్రె, మేక అన్న నాలుగు మాటలూ పొల్లవుతాయి. ఉలి అరిగేదాకా వాటిని చెక్కించడం దేనికి?"

రాయి పైకి రాలేదు, కిందికీ దిగలేదు.

"రెండూ తూగుతున్నాయి," అంది భూతం. "మాట చెక్కిన నాడు ఈ ఇద్దరూ దాన్ని ఎట్లా వాడుకున్నారో చూసినవాళ్ళు ఉన్నారా?"

చూసిన ముసలివాళ్ళు కాడి కిందే ఉన్నారు. వాళ్ళ నుదుళ్ళ మీద బూడిద ఉంది.

"నేనున్నాను సామీ," అంది అంకాళి.

బూడిద వేళ్ళ కింద నుంచి తల తప్పించి ఆమె ముందుకు వచ్చింది.

"శాసనం వేసిన ఏడే మా గేదె ఏరు ఈదుకుని ఇవతలికొచ్చింది. మా నాయన సింగన్న దాని తోక పట్టుకుని వచ్చాడు. నేను నాయన భుజమ్మీదున్నా. ఈ వాకిట్లోనే, ఈయనే నిలబడి గేదెను కొట్టంలోకి తోలించాడు. నాయన కాళ్ళ మీద పడితే, మనుషులతో నాకు పనిలేదు, పిల్లనెత్తుకుని పో అన్నాడు. నేను ఆకలని ఏడిస్తే మా గేదె పాలే పిండి, దొప్పెడు తాగించి మరీ పంపారు. ఆ రోజు మా నాయన ప్రాణి కాడా? నేను కానా?"

భూతం ధూమజటుడి వైపు తిరిగింది. దాని ఎదుట అబద్ధం ఆడితే నాలుక రాయవుతుంది. మాంత్రికుడి జడల పొగ సన్నబడింది.

"నిజమే," అన్నాడు. "అప్పటికి ఈ గానుగలు కట్టలేదు. మనుషులతో పనిలేకపోయింది."

"పని పడింది కదా అని మాటకు అర్థం పెరగదు," అంది భూతం. "మనుషులు ఈ శాసనంలో లేరు."

హేమకేతుడి ఒంటి మీది రాయి పెంకుల్లా రాలిపోయింది. ముంగిట్లో ఒక్కసారి గాలి లేచి అందరి నుదుళ్ళ మీది బూడిదను ఊడ్చుకుపోయింది. ఓబన్న కాడి దించి, తూలుకుంటూ వచ్చి అంకాళి చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నో రోజుల తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట, "దప్పికేస్తందే."

"ఏటికే పోతున్నాం పద. కడుపునిండా తాగుదువు," అంది ఆమె. ఏడుస్తూనే అంది.

జనం వాకిలి వైపు కదిలారు. అప్పుడు ధూమజటుడు స్తంభం చుట్టూ తిరిగి దాని రెండో ముఖం దగ్గరికి వెళ్ళాడు. ఆ వైపు మాంత్రికుడు సువర్ణమేఖలకు ఇచ్చిన మాట చెక్కి ఉంది. అతను దాని మీద చెయ్యి ఆన్చాడు.

"ప్రమాణం. రాజకుమారా, ఇది చదువు. నాకు చూపు ఆనడం లేదు."

హేమకేతుడు చదివాడు. వాన, మంచు, వడగళ్ళు మొదలైన సమస్త జలాలూ సువర్ణమేఖల సొత్తు. వాటి జోలికి ధూమజటుడు పోడు.

"ఇన్నాళ్ళూ నేను సమస్త జలాలూ అంటే నీళ్ళన్నీ అనుకుని భయపడ్డాను," అన్నాడు ధూమజటుడు నెమ్మదిగా. అతని పాదాలు రాయి అయ్యాయి గాని లక్ష్యపెట్టలేదు. "ఈ రోజు నువ్వు నేర్పావు. మొదలు ఏమిటి? వాన, మంచు, వడగళ్ళు. ఆకాశం నుంచి రాలేవి. మరి కొండలో పుట్టి నేల మీద పారే ఏరు ఆ మొదలుకు కొమ్మేనా?"

హేమకేతుడు నోరు తెరిచాడు. ఏరు ఎప్పుడూ పారుతూనే ఉంది కదా అందామనుకున్నాడు. కాని పారడం ఏటి గుణం, మాంత్రికుడు ఇచ్చినది కాదు. సమస్తం అని ఉంది కదా అందామనుకున్నాడు. దానికి జవాబు ఇప్పుడే తన నోటితోనే చెప్పాడు. ఆ మాట తిప్పితే తీర్పు తిరగబడుతుంది. అక్కడ ఓబన్న చెయ్యి అంకాళి చేతిలో ఉంది.

"జవాబు చెప్పు," అంది భూతం.

"నా దగ్గర లేదు," అన్నాడు హేమకేతుడు.

"ఒకే కొలత ఇద్దరికీ. ఏరు ఈ శాసనంలో లేదు."

భూతం ముఖం రాతిలోకి ఇంకిపోయింది. ధూమజటుడు పాదాలు విదిలించుకుని, జడలు విప్పి, శ్యామవేణి ఉన్న దిక్కుకు రెండు చేతులూ చాచాడు. దూరాన ఎక్కడో పెద్ద గుడ్డ చింపినట్టు శబ్దమైంది.

"వీళ్ళను పట్టుకోకూడదని తీర్పు," అన్నాడు వెనుదిరగకుండానే. "వాకిలి మూయకూడదని కాదు."

మొసలి నోరు మూసుకోవడం మొదలైంది. గాల్లో ఆగిన గద్దలకు ప్రాణం వచ్చింది.

"గానుగ రోకలి ఎత్తండి," అని హేమకేతుడు కేక పెట్టాడు. నలుగురు బలమైనవాళ్ళతో కలిసి ఆ మానంత రోకలిని పీకి, పరుగు మీద తీసుకుపోయి, దిగుతున్న పైదవడ కింద నిలువునా ఇరికించాడు. కోరలు కర్రలోకి దిగి ఆగాయి. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వంగి ఆ సందులోంచి దూరిపోతున్నారు. గద్దలు వాలుతున్నాయి. ఒకడి వీపు చీరుకుపోయింది. హేమకేతుడు కత్తి దూసి ఒక రెక్కను నరికితే, కత్తి మొన విరిగింది గాని రెక్క చెక్కుచెదరలేదు. అంతలో అంకాళి వెనక్కి ఉరికి, పచ్చటి వెలుగు నిండిన తొట్టిని భుజంతో తోసి బోర్లించింది. వెలుగు వరదలా ముంగిలంతా పరుచుకుంది. నేల మీద నీడ అన్నదే మిగల్లేదు. నీడను చూసి వేటాడే గద్దలు దిక్కు తెలియక ఒకదాన్నొకటి గుద్దుకుని కంచుపళ్ళాల్లా మోగుతూ రాలాయి. రోకలి ఫెళ్ళున విరిగే సమయానికి చివరగా హేమకేతుడు కోరల సందులోంచి బయటికి దూకాడు. మడమ వెనక మొసలి నోరు మూసుకుంది.

ఎవరూ ఆగలేదు. వెదురు తోపుల్లో పడి, గీరుకుపోతూ, ఒకరినొకరు లాక్కుంటూ ఏటి ఒడ్డుకు చేరారు. చేరి, అట్లాగే నిలబడిపోయారు.

శ్యామవేణి లేదు. ఉన్నది ఇసుక. బురదలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎన్నడూ ఎండ చూడని బండరాళ్ళ మీద నాచు ఆవిర్లు కక్కుతోంది. అంకాళి పుట్టి బురదలో ఒక పక్కకు ఒరిగి ఉంది. ఓబన్న గోతిలో మిగిలిన ఒక దోసెడు నీళ్ళు తాగి, ఆమె ముఖంలోకి చూశాడు.

"వెళ్ళండి. ఇసుక మీద నడిచి ఇంటికి పోండి," అన్నాడు హేమకేతుడు అందరితో. "మా తండ్రిగారికి చెప్పండి. మనుషులు తిరిగొచ్చారు, ఏటిని పోగొట్టింది నేనని. ఏరు తెచ్చాకే నేను ఆ గట్టున అడుగు పెడతాను."

ఒక ముసలివాడు అతని చెయ్యి కళ్ళకద్దుకుని ఇసుకలోకి దిగాడు. ఒకరి వెనక ఒకరు దిగారు. అంకాళి మొగుణ్ణి పక్కింటివాళ్ళకు అప్పగించి, వాళ్ళు కొంత దూరం వెళ్ళేదాకా చూసింది. తర్వాత పుట్టిని బురదలోంచి లాగి, బోర్లించి నెత్తిన పెట్టుకుంది.

"నువ్వెక్కడికి అంకాళీ? నీ పని అయిపోయింది కదా."

"ఏరు లేకపోతే నా పనేంటి దొరా? నడు. నీళ్ళు యాడికి పోయినా జాడ ఉంటది."

తడి ఇసుక జాడ పట్టుకుని ఇద్దరూ ఎగువకు నడిచారు. ఎండ నెత్తి దాటింది. గట్లు ఎత్తయ్యాయి. కొండల మధ్య లోయ ఇరుకైపోయి, మలుపు తిరిగేసరికి హోరు వినిపించింది. హేమకేతుడు తలెత్తాడు.

శ్యామవేణి కొండ ఎక్కుతోంది. ఏటికి ఏరు నిలువుగా లేచి, బండల మీదుగా నురగలు కక్కుతూ పైపైకి పాకి, శిఖరం దగ్గర నోరు తెరిచి ఉన్న గుహలోకి పోతోంది.

అంకాళి పుట్టిని నీటి అంచున దించి, ఒక కాలితో తొక్కిపట్టింది.

"ఎదురీత తెలుసు గాని ఇట్టాంటి పారుదల నేనూ చూళ్ళేదు. తెడ్డుతో పని లేదు. అంచు గట్టిగా పట్టుకో దొరా."

ఆమె కాలు తీయగానే పుట్టి గిర్రున తిరిగి నిలువునా లేచింది. లోయ వాళ్ళ వీపుల కింద నుంచి జారిపోయింది. సగం దూరం ఎక్కాక హేమకేతుడు కళ్ళలోని నీళ్ళు తుడుచుకుని గుహ వైపు చూశాడు. ఏటితో పాటు లోపలికి పోయిన చేపలు లోపల దేనికో బెదిరినట్టు గుంపులు గుంపులుగా ఆ చీకట్లోంచి వెనక్కి దూకుతున్నాయి. కింద నీళ్ళు లేవని తెలిసీ, ఉత్త గాల్లోకి దూకుతున్నాయి.

పుట్టి ఆగలేదు.